డగౌట్ గుమ్మంలో ముగ్గు

జనవరి నెలాఖరుకి అమెరికాలో సగం మంది మంచు ఎత్తిపోసుకుంటూ ఉంటారు. అరిజోనాలోని మా చాండ్లర్‌లో మాత్రం పల్చటి స్వెటర్ వేసుకుని, ఎండకి వీపు పెట్టి, బేస్‌బాల్ చూస్తూ కూర్చుంటాం. చూస్తాం అన్నానే గానీ, ఇన్నేళ్ళయినా ఆ ఆట నాకు సగమే తెలుసు. మిగతా సగం మా ఆయన రాజారావుకి తెలుసు. ఎవరూ అడక్కపోయినా చెబుతూ ఉంటాడు. నేను వెళ్ళేది ఆట కోసం కాదు. ఆట మొదలవడానికి ముందు మా పైవాటా సుమతి గ్రౌండ్‌లోకి దిగి గీతలు వేసేది. అది చూడటానికి వెళ్ళేదాన్ని.

వెళ్ళేదాన్ని అని రాయాల్సి వస్తోంది. రాస్తుంటేనే కోపం వస్తోంది.

మా ఇళ్ళ వెనకే మెస్కీట్ వాష్ కమ్యూనిటీ కాలేజీ అని ఒకటుంది. పెద్ద పేరున్నదేం కాదు. పిల్లలు రెండేళ్ళు ఇక్కడ చదువుతూ ఆడతారు. బాగా ఆడినవాణ్ణి ఏదో యూనివర్సిటీ ఎగరేసుకుపోతుంది, మిగతావాళ్ళు ఏదో ఒక ఉద్యోగం చూసుకుంటారు. జట్టు పేరు జావెలినాస్. జావెలినా అంటే ఈ ఎడారిలో తిరిగే, అచ్చం పందిలా కనిపించే జంతువు. ఆ పేరు పెట్టాలని ఏ మహానుభావుడికి తోచిందో తెలియదు.

బేస్‌బాల్ గ్రౌండ్ ఎరగని వాళ్ళ కోసం ఒక్క ముక్క చెప్పాలి. బంతి కొట్టేవాడు నిలబడే చోట నేలలో ఒక తెల్ల పలక దిగేసి ఉంటుంది, దాన్ని హోమ్‌ప్లేట్ అంటారు. అక్కణ్ణించి కుడికొకటి, ఎడమకొకటి రెండు తెల్లగీతలు బయల్దేరి మైదానం చివరిదాకా పోతాయి. వాటిని ఫౌల్ లైన్లంటారు. బంతి ఆ రెంటి మధ్యే పడాలి. కొట్టేవాడి చుట్టూ పెట్టెలా ఇంకో గీత ఉంటుంది. గడ్డి ఉన్నచోట గీతల్ని పెయింటుతో వేస్తారు. మట్టి ఉన్నచోట మాత్రం ప్రతి ఆటకీ ముందు సుద్దపొడితో కొత్తగా వేయాలి, ఆట ముగిసేసరికి అవి కాళ్ళకింద పడి చెరిగిపోతాయి. మా గ్రౌండ్‌లో ఆ మట్టి మీది గీతలు పదిహేడు సీజన్లు వేసింది సుమతి.

సుమతిది బాపట్ల. బోటనీలో ఎమ్మెస్సీ చేసి, కొన్నాళ్ళు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పింది. గోపాల్ గారిని పెళ్ళి చేసుకుని, ఆయన కంప్యూటర్ చిప్ ఫ్యాక్టరీ ఉద్యోగం వెంట ఇక్కడికొచ్చింది. భార్యలకిచ్చే హెచ్‌ఫోర్ వీసా మీద వచ్చినవాళ్ళకి ఆ రోజుల్లో ఉద్యోగం చేసే హక్కు లేదు. నేనూ ఆ వీసా మీద వరంగల్ నుంచి వచ్చినదాన్నే. నేనైతే సీరియళ్ళు చూసి, ఫోన్లో మా అమ్మతో పోట్లాడి ఆ ఏళ్ళు గడిపేశాను. సుమతికి అదీ చేతకాలేదు. బాల్కనీలో నిలబడి ఎదురుగా ఉన్న కాలేజీ గ్రౌండ్‌ని చూస్తూ ఉండేది.

పై వాటాలో తను, కింది వాటాలో నేను. పొద్దున్నే నా బాల్కనీ మీద నీళ్ళు కారితే సుమతి వాకిలి కడిగిందని అర్థం. మూడో అంతస్తులో వాకిలేంది అని అడిగితే, గుమ్మం ఉన్నాక వాకిలి ఉండదా అనేది. తలుపు ముందు కాంక్రీటు మీద ముగ్గు కూడా వేసింది. అపార్ట్‌మెంట్ మేనేజర్ వచ్చి, ఎవరైనా జారిపడతారు, తుడిచేయమన్నాడు. తుడిచేసింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే గ్రౌండ్ సంగతి జరిగింది. అప్పటి కోచ్ బర్నెట్ అని, అరవై దాటిన పొడుగాటి మనిషి. సుద్దపొడి పోసి లాగే చక్రాల డబ్బా ఒకటి ఉంటుంది. దాని చక్రం వంగిపోయింది. ఆయన దాన్ని లాక్కుంటూ పోతుంటే వెనకాల గీత వంకరటింకరగా పడుతోంది. పైనుంచి చూస్తున్న సుమతికి ప్రాణం ఉసూరుమంది. చున్నీ నడుముకి బిగించి, చరచరా మెట్లు దిగి, రోడ్డు దాటి పోయింది. ఇదేం అఘాయిత్యం చేస్తుందో, ఎవరైనా పోలీసుల్ని పిలుస్తారో ఏమోనని నేనూ వెనకాలే పరిగెత్తాను.

బర్నెట్ మమ్మల్ని చూసి, బంతుల చప్పుడు మీద ఫిర్యాదు చేయడానికొచ్చామనుకుని ముందే క్షమాపణ చెప్పాడు. సుమతి అదేం వినిపించుకోలేదు. సంచిలోంచి చిటికెడు పొడి తీసి వేళ్ళ మధ్య నలిపి, గరుగ్గా ఉందని మొహం చిట్లించింది. నేను వేయనా అని అడిగింది. ఆయన సరేనన్నాడు. గీత కోసం కట్టి ఉన్న దారం వెంట వంగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి పొడి వదులుతూ, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోయింది. చిన్నప్పట్నుంచీ ఎన్నో ముగ్గులు చూశాను గానీ, అంత పొడుగు గీత ఒక్క చేత్తో వేయడం చూడలేదు. తను నడుం ఎత్తేసరికి బర్నెట్ టోపీ తీసి చేత్తో పట్టుకుని ఉన్నాడు. శుక్రవారం ఆట ఉంది, రాగలవా అని అడిగాడు.

శుక్రవారం ఏం జరిగిందంటే, ఆ సీజన్‌కి అదే మొదటి ఆట. మొదలుపెట్టే చోట ముగ్గు ఉండాలని సుమతి నమ్మకం. ఇంట్లో జల్లెడ పట్టి మెత్తగా చేసిన పొడిని నెయ్యి డబ్బాలో పోసుకుని తెల్లారకముందే వెళ్ళింది. గీతలన్నీ వేశాక, శుభమా అని ఆట మొదలవుతోంది కదా అని హోమ్‌ప్లేట్ చుట్టూ పెద్ద పద్మం ముగ్గు వేసి, రేకు రేకుకీ మెలికలు తిప్పింది. అంపైర్ వచ్చి దాని ముందు నడుం మీద చేతులు పెట్టుకు నిలబడ్డాడు. మొదట బ్యాటు పట్టుకొచ్చిన అవతలి జట్టు కుర్రాడు దాని మీద అడుగు పెట్టలేక, పెట్టకుండా ఉండలేక, అటూ ఇటూ చూశాడు. అది తుడిస్తే గానీ ఆట మొదలవదని అంపైర్ తేల్చేశాడు. బర్నెట్ తనే చీపురు తెచ్చి తుడిచాడు. కంచె అవతల నిలబడి సుమతి చున్నీతో కళ్ళు ఒత్తుకుంది. మూడో అంతస్తులోనూ తుడవమన్నారు, ఇక్కడా తుడవమన్నారు.

ఆట మధ్యలో బర్నెట్ కంచె దగ్గరికొచ్చి ఆమెని పిలిచాడు. ఆటగాళ్ళు కూర్చునే మూడు గోడల షెడ్డుని డగౌట్ అంటారు. గ్రౌండ్‌లోకి రావాలంటే దాని ముందున్న ఒక్క సందులోంచే రావాలి. ఆ సందు దగ్గరి నేల చూపించి, ఇక్కడ అంపైర్ మాట చెల్లదు, ఇది మా గుమ్మం, ఇక్కడ నీ ఇష్టం వచ్చింది వేసుకో అన్నాడు. ఆ మనిషికి మన గుమ్మాల సంగతి ఎవరు చెప్పారో నాకిప్పటికీ తెలియదు. బహుశా ఎవరూ చెప్పి ఉండరు.

అప్పట్నుంచీ గీతలతో పాటు డగౌట్ గుమ్మంలో నాలుగు చుక్కల చిన్న ముగ్గు కూడా పడేది. మొదటిసారి ఒక బౌలర్, వాళ్ళ భాషలో పిచర్, దాన్ని బూటుతో తొక్కి గ్రౌండ్‌లోకి పోయాడు. ఆ రోజు మనవాళ్ళు చిత్తుగా ఓడారు. తర్వాతి ఆటలో ఒక పొడుగు కుర్రాడు దాన్ని చూసి గెంతాడు. గెలిచారు. ఇక చూసుకోండి. బేస్‌బాల్ ఆడేవాళ్ళకున్నన్ని నమ్మకాలు మా నాయనమ్మకి కూడా లేవు. గెలిచిన రోజు వేసుకున్న మేజోళ్ళు ఉతకకుండా నెల తిప్పుతారు. అలాంటివాళ్ళు ముగ్గు తొక్కుతారా? ప్రతివాడూ బయటికి పరిగెత్తేటప్పుడు ఒక్క గెంతు గెంతేవాడు. అదే ఊపులో ఫౌల్ లైన్ దగ్గర కూడా ఇంకో గెంతు గెంతి దాటేవాళ్ళు. దాన్ని చూసి సుమతి మొహం వెలిగిపోయేది. ముగ్గు తొక్కకూడదని ఈ దేశం పిల్లలకి నేను నేర్పాను ఛాయా అనేది నాతో.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండుతుంది. మార్చి వచ్చేసరికి చుట్టుపక్కల నారింజ చెట్లు పూత పట్టి గాలంతా అదే వాసన. ఒక డబ్బాలో పులిహోర, ఇంకో డబ్బాలో పెరుగన్నం పెట్టుకుని మెట్లబల్లల మీద కూర్చునేవాళ్ళం. సుమతి కూతురు నిధి అక్కడే పాకింది, అక్కడే నడిచింది. చిన్నప్పుడు ఎవరు అడిగినా మా అమ్మ గ్రౌండ్ మీద డ్రా చేస్తుంది అని గొప్పగా చెప్పేది. పదమూడేళ్ళొచ్చాక మాత్రం, మామ్, అందరూ చూస్తున్నారు అంటూ దూరంగా వెళ్ళి చివరి మెట్టు మీద కూర్చునేది. ఇప్పుడు పదహారు. మళ్ళీ దగ్గరికొచ్చింది. గోపాల్ గారు షిఫ్టు అయిపోగానే నిద్రకళ్ళతో వచ్చి పులిహోర తిని, రెండో ఇన్నింగ్స్‌కల్లా కూర్చునే నిద్రపోయేవారు. తర్వాత సుమతికి పనిచేసే పర్మిట్ వచ్చింది, ఊరి లైబ్రరీలో ఉద్యోగమూ వచ్చింది. అయినా ఆట ఉన్న రోజు పొద్దున మాత్రం లైబ్రరీకి ఆలస్యంగా వస్తానని ముందే చెప్పి పెట్టుకుంది.

ఆ సంతోషానికి మా ఇంటినుంచే దెబ్బ తగిలింది. ఒక ఉగాది ఫంక్షన్‌లో, ఇక్కడికొచ్చాక మీరు చేసిన మంచి పని చెప్పండి అని ఒక్కొక్కరినీ స్టేజీ మీదికి పిలుస్తున్నారు. సుమతి ఎప్పుడూ స్టేజీ ఎక్కదు. ఆ రోజు ఎక్కి, గీతలు దాటే పిల్లల గురించి చెప్పింది. మన వాకిలి మర్యాదని వాళ్ళకి నేర్పానంది. మా రాజారావు మూడో వరసలో కూర్చుని ఉన్నాడు. ఆట గురించి ఎవరైనా తప్పు చెబితే ఆ మనిషికి ఒళ్ళు ఆగదు.

"సుమతి గారూ, అది బేస్‌బాల్‌లో ఎప్పట్నుంచో ఉన్న సెంటిమెంటండీ. ఫౌల్ లైన్ ఎవ్వరూ తొక్కరు. మనం పుట్టకముందు నుంచే దాటుతున్నారు," అన్నాడు అక్కణ్ణించే.

హాలంతా నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు, సరదా నవ్వే. సుమతి కూడా నవ్వి, మైకు స్టాండులో పెట్టి దిగిపోయింది. మా ఇంట్లో ఆ మనిషికి వారం రోజులు పెరుగన్నమే గతి అయింది. నేను తప్పేం చెప్పలేదు కదా అని ఒకటే గొణిగాడు. తప్పు చెప్పలేదు కాబట్టే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

మర్నాడు సుమతి వెళ్ళి బర్నెట్‌ని అడిగింది. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. నిజమే, మా తాత కాలంలోనూ దాటేవాళ్ళని ఒప్పుకున్నాడు.

"అయితే గుమ్మంలో ముగ్గు కూడా అంతేలే ఛాయా. తెల్లగా ఏది కనిపించినా దాటేస్తారు. నేనేదో నేర్పాననుకున్నాను," అంది నాతో.

కాదని చెప్పాలనిపించింది. కానీ నాకు మాత్రం ఏం తెలుసు? తర్వాత సుమతి ఆ ఊసు ఎత్తలేదు. గీతలు మాత్రం మానలేదు. ఒక్కటే మారింది. పిల్లలు బయటికి పరిగెత్తే సమయానికి కావాలనే వంగి డబ్బా మూత పెట్టుకునేది, చున్నీ దులుపుకునేది. వాళ్ళు గెంతడం చూసేది కాదు.

బర్నెట్ రిటైరయ్యాడు. ఆయన చోట్లో ట్రూహియో అనే కుర్ర కోచ్ వచ్చాడు. మంచివాడే, కష్టపడే రకం. కానీ జట్టు పరిస్థితి ఏం బాగాలేదు. హైస్కూల్లో బాగా ఆడే పిల్లలు కాలేజీ చూడటానికి తల్లిదండ్రులతో వస్తారు. గ్రౌండ్‌లో గడ్డీ మట్టీ కలిసే చోట గట్టులా లేచిన అంచు చూస్తారు, గడ్డి మధ్య బట్టతలలు చూస్తారు, వాన పడితే కారే డగౌట్ చూస్తారు. పక్క ఊరి కాలేజీలో కొత్త లైట్లు, నీడలో బ్యాటింగ్ సాధన చేసుకునే వలలు, పచ్చటి కృత్రిమ గడ్డి. అటు పోతారు. ఇక్కడ చేరేవాళ్ళు ఏటేటా తగ్గుతూ వచ్చారు. నీళ్ళ కరువు ఊళ్ళో గడ్డికి నీళ్ళు పోయడమూ కష్టమైంది. పోయిన వసంతంలో నేల మీద ఏదో గులకరాయి తగిలి బంతి ఎగిరి, ఒక పిల్లాడి మూతికి కొట్టుకుంది. రెండు పళ్ళు పోయాయి.

దాంతో కాలేజీవాళ్ళు తేల్చి చెప్పారు. గ్రౌండ్ బాగుచేయాలి, లేదా జట్టు ఎత్తేయాలి. ఇక్కడ ఆడి పెద్దవాడైన ఒకాయన సాయం చేస్తానన్నాడు. మట్టీ గడ్డీ మొత్తం తీసేసి, కృత్రిమ గడ్డి తివాచీ పరుస్తారు. తెల్లగీతలు అందులోనే కుట్టేసి వస్తాయి. ఇక ఎవరూ వేయక్కర్లేదు, ఎప్పటికీ చెరగవు. ఈ ముక్క ట్రూహియో తనే లైబ్రరీకి వెళ్ళి సుమతికి చెప్పాడట. చెప్పి చాలాసేపు పుస్తకాల మధ్య ఊరికే నిలబడ్డాడట.

"ఏందే సుమతీ, గిట్ల ఊకుంటవా? పదిహేడేండ్లు చేసినవ్. కాలేజీ మీటింగ్ ఉందట గద, పోదాం పా. నేను మాట్లాడ్త," అన్నాను.

నేను ఊరుకునే రకం కాదు. గుడిలో, కిరాణా కొట్టులో, కనిపించినవాళ్ళందరికీ చెప్పి, రెండు కార్ల నిండా మనుషుల్ని పోగేశాను. బోర్డు మీటింగ్‌లో ఊరివాళ్ళు ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. నేను లేచి దులిపేశాను. మన అరిజోనా ఎండలో ప్లాస్టిక్ గడ్డి పెనంలా కాలుతుంది, దాని మీద పిల్లల్ని ఆడించే బదులు దోసెలు వేసుకోవచ్చు అన్నాను. కొంతమంది చప్పట్లు కొట్టారు. బాగా మాట్లాడానన్న తృప్తితో కూర్చున్నాను. పక్కన సుమతి లేదు. మైకు దగ్గర నిలబడి ఉంది.

ఆమె మాట్లాడింది ఇంగ్లీషులోనే. తెలుగులో చెబితే ఇంతే.

"ఆ గీతలు వేసేది నేనే. బంతి తగిలిన రోజు ఆ పిల్లాడి రక్తం నా గీత మీదే పడింది. నా గీతల కోసం ఆ నేలని అలాగే ఉంచకండి. నాది రోజూ చెరిగిపోయే గీతే. పిల్లలకి ఆడుకోవడానికి మంచి చోటు కావాలి, టీమ్ ఉండాలి."

ట్రూహియో తలెత్తలేదు. బోర్డువాళ్ళు కొత్త గడ్డికి ఒప్పుకుంటూ చేతులెత్తారు, అయిపోయింది. నేను పోగేసుకొచ్చిన మనుషులు నావంకే చూశారు. నా కోపం ఎవరిమీద చూపించాలో తెలియక పార్కింగ్‌లో కారు తలుపు గట్టిగా వేశాను.

"నీ చేత్తోని నువ్వే చెరుపుకున్నవ్ గదనే," అన్నాను డ్రైవ్ చేస్తూ.

సుమతి కిటికీలోంచి బయటికి చూస్తూనే మొదలుపెట్టింది.

"ఈ దేశం వచ్చి సగం వయసు అయిపోయింది ఛాయా. మా ఆయన చేసిన చిప్పులు ప్రపంచమంతా తిరుగుతున్నాయి. నిధి ఇక్కడి పిల్ల, దాని దారి దానిది. ఇది నేను చేశాను, నా తర్వాత కూడా ఉంటుంది అని చెప్పుకోడానికి నాకేముంది? గీతలా, అవి పోయేవే. పిల్లలు దాటడమా, అది వాళ్ళదే."

అని ఏడ్చేసింది.

మే నెల మొదట్లో మట్టి మీద చివరి ఆట జరిగింది. బర్నెట్ కర్ర పట్టుకుని వచ్చాడు. సుమతి ఎప్పటికంటే ముందే వెళ్ళింది. గీతలన్నీ వేసి, డగౌట్ గుమ్మంలో చిన్న ముగ్గుకి బదులు, మొదటి రోజు తుడిచేసిన ఆ పద్మాన్నే కాస్త చిన్నదిగా చేసి వేసింది. బర్నెట్ గుర్తుపట్టి టోపీ తీశాడు. మనవాళ్ళు ఓడిపోయారు. మొదటి ఏడాది చదువుతున్న క్యాచర్ మటేయో, క్యాచర్ అంటే కొట్టేవాడి వెనక కూర్చుని బంతి పట్టేవాడు, మొహమాటంగా వచ్చి థాంక్యూ చెప్పి పోయాడు. అందరూ వెళ్ళాక సుమతి ఆ ముగ్గుని తనే తుడిచింది. వేరేవాళ్ళు తుడవడం ఇంకోసారి చూడలేనంది.

ఎండాకాలమంతా లారీలు తిరిగాయి. ఎర్రమట్టిని ఎత్తుకుపోతుంటే దుమ్ము మా కిటికీల దాకా వచ్చింది. సుమతి బాల్కనీ వైపు తలుపు మూసేసింది. ఆగస్టు గాలివానలు తగ్గేసరికి పచ్చటి తివాచీ పరిచారు. గేటు మీద బోర్డు పెట్టారు. సుద్ద, పెయింటు, చూయింగ్ గమ్, పొద్దుతిరుగుడు గింజలు లోపలికి తేకూడదు. పొద్దుతిరుగుడు గింజలు నమిలి ఊయకుండా బేస్‌బాల్ ఎలా ఆడతారో చూస్తానని మా రాజారావు అన్నాడు.

ఈ జనవరిలో కొత్త గ్రౌండ్ మీద మొదటి ఆట. డగౌట్ పక్కన ముందు వరసలో సుమతికి సీటు ఉంచామని ట్రూహియో కబురు చేశాడు. లైబ్రరీలో పనుందంది. పనుంటే నేనే వచ్చి మీ మేనేజర్‌తో మాట్లాడతానన్నాను. నేను మాట్లాడితే ఎలా ఉంటుందో బోర్డు మీటింగ్‌లో చూసింది కాబట్టి, మారుమాట లేకుండా బయల్దేరింది. భుజాన సంచి, సంచిలో నెయ్యి డబ్బా. ఖాళీ డబ్బానే. అదెందుకే అంటే, ఊరికే చేతికొచ్చేసింది అంది.

ఒప్పుకోవాలి కాబట్టి ఒప్పుకుంటున్నాను. గ్రౌండ్ బాగుంది. ఎక్కడా గట్టు లేదు, గుంట లేదు. డగౌట్‌కి కొత్త కప్పు వేశారు. మెట్లబల్లలు నిండిపోయాయి. జట్టులో సగానికి పైగా కొత్త పిల్లలే. పోయినేడు వెళ్ళిపోవాలనుకున్నవాళ్ళు కూడా ఉండిపోయారట. ఇంకా జనం సర్దుకోకముందే ట్రూహియో సుమతిని లోపలికి తీసుకెళ్ళి చూపించాడు. సుమతి వంగి ఫౌల్ లైన్ మీద బొటనవేలు రాసింది. తర్వాత వేలు ఎత్తి చూసుకుంది. ఏమీ అంటలేదు. చాలా తిన్నగా ఉంది అని మెచ్చుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. నాకు దుఃఖం పొంగుకొచ్చింది. తన మొహం చూడలేక రాజారావుతో ఏదో పిచ్చిప్రశ్న వేశాను.

ఆట మొదలైంది. పిల్లలు బయటికొచ్చే సమయం. ఎప్పుడూ ఆ సమయానికి సుమతికి డబ్బా మూత పెట్టే పని ఉండేది. ఈసారి చేతిలో పనేం లేదు. తలవంచుకోవడానికి సాకు లేక అటే చూసింది.

ముందు మటేయో వచ్చాడు. మోకాళ్ళకీ ఛాతీకీ కవచాలు తొడుక్కుని బరువుగా పరిగెత్తుకొచ్చాడు. డగౌట్ గుమ్మంలో, పచ్చటి తివాచీ తప్ప ఏమీ లేని ఆ చోట, ఒక్క గెంతు గెంతాడు. వెనకాల రెండో ఏడాది పిల్లలు ఒకరి తర్వాత ఒకరు అక్కడే గెంతారు. వాళ్ళ వెనక కొత్త పిల్లలు. ఆ గ్రౌండ్‌లో ముగ్గన్నది ఎప్పుడూ చూడనివాళ్ళు. వాళ్ళూ సరిగ్గా అక్కడికొచ్చి కాలెత్తి దాటారు. ఒక చిన్న కుర్రాడు కంగారులో మర్చిపోయి అడుగు వేయబోతే, వెనకవాడు చొక్కా పట్టి లాగి, వెనక్కి తెచ్చి, మళ్ళీ గెంతించాడు.

నేను రాజారావు వైపు తిరిగాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇది బేస్‌బాల్‌లో లేదు," అన్నాడు మెల్లగా. "ఎక్కడా లేదు. అక్కడ గీతే లేదు కదా."

సుమతి రెండు చేతులతో ఆ ఖాళీ డబ్బాని గుండెకి అదుముకుని ఉంది. కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడం లేదు. ఆఖరి పిల్లాడు కూడా దాటేదాకా చూసి, అప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

"అది మాత్రం నాదే ఛాయా," అంది.